తెల్లబడని పగడాలు

సూర్యకళ తన టిఫిన్ డబ్బాకు రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేస్తుంది. మూడు కనిపించినా, ఒకటే కనిపించినా ఎవరో మూత తీశారని లెక్క. ఇప్పటివరకు ఎవరూ తీయలేదు. అయినా మధ్యాహ్నం ముందు చుట్లు చూసుకుంటుంది, ఆ తర్వాతే డబ్బా తెరుస్తుంది.

డబ్బా సంగతి ఒక్కటే కాదు. గ్యాస్ సిలిండరు తూకం వేయనిదే గడప దాటనివ్వదు. పాల ప్యాకెట్ మీది తేదీని వేలితో రుద్ది చూస్తుంది, చెరిపి కొత్తది కొట్టారేమోనని. నాచారం మెయిన్ రోడ్డు మీద కూరగాయల బండి అతను ఆమె రావడం చూస్తే తక్కెడ కిందినుంచి చెయ్యి తీసేస్తాడని ఆమె భర్త బాలరాజు అందరికీ చెప్పి నవ్వుతాడు. బాలరాజు ఉప్పల్ నుంచి రామంతాపూర్ దాకా షేర్ ఆటో తోలుతాడు.

"నవ్వు నవ్వు," అంటుందామె. "నిన్న మ్యాచ్ అయినంక స్టేడియం కాడ ఎవలతోని ముచ్చట పెట్టుకుంట కూసున్నవో నాకెరుకే."

"ఎరుకైతే నువ్వే జెప్పు, నేను మర్చిపోయిన," అంటాడు బాలరాజు.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. జనగామ వైపు పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలో సూర్యకళ ఒక మాత్రల కంపెనీలో చేరింది. తెల్లటి లైటు ముందు కూర్చుని ట్రేలో పోసిన మాత్రలను చూడాలి. అంచు విరిగింది, చుక్క పడింది, రంగు మారింది ఏరి పక్కన పెట్టాలి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. సూపర్‌వైజరు ఎవరికీ చెప్పకుండా మంచి మాత్రల్లో కొన్ని చెడ్డవి కలిపేవాడు. అవి దొరికితే ఆమె కళ్లు పనిచేస్తున్నట్టు. దొరక్కపోతే మరునాడు గేటు దగ్గరే ఆపేవారు. ఏ ట్రేలో కలిపాడో, ఏ రోజు కలిపాడో తెలియదు. ఎదురుగా ఉన్నదాంట్లో ఎవరో కావాలని ఏదో కలిపి ఉంటారనే చూపుతో పదకొండేళ్లు గడిపిన మనిషికి, ఆ చూపు ఇంటికొచ్చాక కూడా మానలేదు. కంపెనీ ఊరి బయటికి తరలిపోయింది. చూపు మాత్రం సూర్యకళతో మిగిలిపోయింది.

ఆ చూపే ఆమెకు ఇప్పటి ఉద్యోగం తెచ్చింది. నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ బకెట్ల షెడ్డు పైన ఒక పెద్ద హాలుంది. కిటికీలోంచి చూస్తే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. తెరిస్తే కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది కనుక కిటికీ మూసే ఉంచుతారు. ఒకప్పుడు అది పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియో. జనం పెళ్లి ఫొటోలు ఫోన్లలో చూసుకోవడం మొదలుపెట్టాక యజమాని శశిధర్ రూటు మార్చాడు. కంప్యూటర్లకు చూపు నేర్పడానికి ఫొటోల మీద గుర్తులు పెట్టే పని పట్టాడు. మొదట రోడ్డు మీద లారీలు, తర్వాత పురుగు పట్టిన టమాటాలు, ఆ తర్వాత సముద్రం అడుగు.

సముద్రం పని ఇలా ఉంటుంది. లక్షద్వీప్‌లోని ఒక దీవి చుట్టూ నీళ్లలో పగడాల దిబ్బ ఉంది. అక్కడ కొన్ని చోట్ల ఇనుప రాడ్లు పాతిపెట్టారు. ఈతగాళ్లు ఏటా దిగి, రాడ్ల మధ్య తెల్లటి ప్లాస్టిక్ పైపుల చట్రం పరిచి, పైనుంచి ఫొటో తీస్తారు. ప్రతి ఏడూ అదే చోటు, అదే చట్రం. ఆ ఫొటోలు నాచారం వస్తాయి. కంప్యూటరు ఒక్కో ఫొటో మీద అక్కడక్కడా చుక్కలు వేస్తుంది. ఏ చుక్క కింద ఏముందో హాల్లోని ఆడవాళ్లు చెప్పాలి. రంగున్న పగడమా, తెల్లబడిన పగడమా, చచ్చిన పగడమా, పాచా, ఇసుకా. ఈ ఏటి చుక్కలను నిరుటి చుక్కల పక్కన పెడితే దిబ్బ కోలుకుంటోందో, కుంగిపోతోందో తెలుస్తుంది.

ఇవన్నీ వాళ్లకు నేర్పింది విశ్వనాథం. ఒక కేంద్ర సంస్థలో పనిచేసి రిటైరై రామంతాపూర్‌లో ఉంటున్న రాజమండ్రి మనిషి. సర్వే చేయించేవాళ్ల తరఫున ఆయనే వచ్చి లెక్కలు చూసి సంతకం పెడతాడు. మొదటి రోజు ఆయన చెప్పిన పాఠం హాల్లో అందరికీ గుర్తే.

"పగడం రాయి కాదమ్మా, చెట్టూ కాదు. జంతువు," అన్నాడాయన. "దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. పగడానికి రంగు ఆ నాచుదే. తిండి కూడా చాలామటుకు అదే వండి పెడుతుంది. నీళ్లు మరీ వేడెక్కాయనుకోండి, పగడం ఆ నాచుని బయటికి గెంటేస్తుంది. అప్పుడు తెల్లగా పాలిపోతుంది."

వెనక వరసలోంచి త్రివేణి చెయ్యెత్తింది. "అంటే సార్, వండిపెట్టే కిరాయిదారులను ఎల్లగొట్టి ఓనరు ఉపాసముంటడా?"

హాలంతా నవ్వింది. విశ్వనాథం కూడా నవ్వాడు. "అంతే. తెల్లబడిందంటే చచ్చిందని కాదు. ఆకలితో ఉందని. కొన్ని వారాల్లో నీళ్లు చల్లబడితే కిరాయిదారులు మళ్లీ వస్తారు. లేకపోతే పోతుంది, దాని మీద పాచి ఎక్కుతుంది. ఒకసారి పోయిన దిబ్బ తిరిగి నిండాలంటే పదేళ్లు పట్టొచ్చు, ఆ పదేళ్లలో మళ్లీ వేడి రాకుండా ఉంటే."

"మా ఓనరుకైతే జరమొచ్చినప్పుడల్ల కిరాయి పెంచుడే," అంది త్రివేణి.

త్రివేణి బాలరాజు చెల్లెలు. పెళ్లై మల్లాపూర్‌లో ఉంటుంది. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే పిల్లను ఈ పనిలో పెట్టించింది సూర్యకళే. వదిన మాట మీద శశిధర్ పరీక్ష కూడా పెట్టకుండా తీసుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి హాల్లో అందరికన్నా వేగంగా గుర్తులు పెట్టేది త్రివేణే. సూర్యకళ అప్పటికి తనిఖీ కుర్చీలోకి మారింది. అందరూ చేసిన ఫొటోల్లో పదింటికి ఒకటి తీసి మళ్లీ చూడటం ఆమె పని.

సముద్రాన్ని ఇంతవరకు చూడకపోయినా ఆ దిబ్బ సూర్యకళకు వీధిలా తెలుసు. ఒక చట్రంలో అట్లపెనంలా పరుచుకున్న పగడం ఉంది, దాని అంచును ఏ చేపో కొరికేసింది. మరోచోట జింక కొమ్ముల్లాంటి పగడాల గుంపు. 2016 ఎండలకు దిబ్బ ఒకసారి దెబ్బతిన్నదని పాత ఫొటోలు చెప్తాయి. ఆ ఏడు అంతా తెలుపు. మరుసటి ఏడు వందకు పద్నాలుగు పాళ్లే బతికి ఉన్న పగడం. అక్కడినుంచి కొంచెం కొంచెం పాకి, 2023 నాటికి ముప్పై మూడుకు చేరింది. అట్లపెనం కొరికిన అంచు కూడా పూడుకొచ్చింది.

2024 వేసవిలో సముద్రం మళ్లీ వేడెక్కింది. పేపర్లలో వచ్చింది. విశ్వనాథం ఫోన్ చేసి, ఈసారి తెలుపు చూడటానికి సిద్ధంగా ఉండమని చెప్పాడు. మే నెలలో తీసిన ఫొటోలు జూన్‌లో వచ్చాయి. వేగంగా కావాలన్నారని ఆ దీవి ఫొటోలన్నీ త్రివేణికి ఇచ్చారు.

త్రివేణి లెక్క వచ్చింది. రంగున్న పగడం వందకు ముప్పై ఒకటి. తెల్లబడింది రెండు.

సూర్యకళ ఆ అంకె పక్కన నిరుటి ముప్పై మూడు రాసుకుంది. ఊళ్లన్నీ కాలుతుంటే ఒక్క ఇల్లు చల్లగా ఉందంటే ఆమె నమ్మే మనిషి కాదు.

తన వంతు తనిఖీకి వచ్చిన ఫొటోలు తీసి చూసింది. పగడాలు గోధుమ రంగులో నిక్షేపంగా ఉన్నాయి. త్రివేణి పెట్టిన గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. మరొకరైతే అక్కడితో ఫైలు మూసేవారు. సూర్యకళకు అనుమానం అక్కడే పెరిగింది. ఏ ఫొటోలు తనిఖీకి వెళ్తాయో పిల్లకు తెలిసిపోయి ఉంటుంది. అవి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసి, మిగతావి నిరుటి గుర్తులు పక్కన తెరుచుకుని దించేస్తోంది. లేకపోతే ముప్పై మూడుకు ఇంత దగ్గరగా ముప్పై ఒకటి ఎట్లా వస్తుంది? ఆ వేగం ఎక్కడిది?

త్రివేణి ఆవులింతలు లెక్కలోకి వచ్చాయి. రాత్రిళ్లు ఇంకా జాకెట్లు కుడుతోందని బాలరాజు ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. ఒకరోజు నీళ్ల బాటిల్ వంకతో ఆమె కుర్చీ వెనకగా నడిచింది. స్క్రీన్ మీద ఒకటే ఫొటో ఉంది. తనను చూసి రెండోది మూసేసిందేమో.

"ఏంది వదినా, ఎనకనుంచి వొస్తున్నవ్? పిల్లి లెక్క," అంది త్రివేణి.

"ఏం లేదు. ఏసీ గాలి వస్తుందా లేదా అని."

అనుమానం ఒక మనిషి దగ్గర ఆగేది కాదు. ఆ దీవిలో టూరిస్టు పడవలు తిప్పాలని ఎవరో అనుమతి కోసం తిరుగుతున్నారని విశ్వనాథం మాటల మధ్య అన్నాడు. దిబ్బ బాగుందని రాస్తే వాళ్లకు మేలు. వారం కిందట శశిధర్ కింద బకెట్ల షెడ్డు దగ్గర తెల్ల కారులో వచ్చిన ఒక మనిషితో మాట్లాడాడు. సూర్యకళ వాచ్‌మన్‌ను అడిగింది. ఆ వచ్చింది శశిధర్ బామ్మర్ది అని వాచ్‌మన్ చెప్పాడు. వాచ్‌మన్‌కు ఎవరు చెప్పమన్నారో అనుకుంది సూర్యకళ.

చివరికి తనకు తెలిసిన పద్ధతికే వచ్చింది. పాత డిస్కులోంచి 2016 నాటి ఫొటోలు పది తీసింది. ఏ చుక్క చూసినా సున్నం కొట్టినట్టు తెల్లటి పగడమే. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దయాకర్ దగ్గరికి వెళ్లింది.

దయాకర్ ఆల్బమ్‌ల కాలం నుంచీ శశిధర్ దగ్గరే ఉన్నాడు. పెళ్లి ఫొటోలకు రంగులు దిద్దిన చెయ్యి. పాత కుర్రాడు మానేశాక, మార్చి నుంచి బయటినుంచి వచ్చే ఫొటోలను విప్పి, పేర్లు పెట్టి, ఒక్కొక్కరికి పంచే పని అతని మీద పడింది.

"ఈ పది కొత్తవాట్ల కలుపు," అంది సూర్యకళ. "పేర్లు మార్చి త్రివేణికి పంపు. ఎవ్వలకు జెప్పకు."

"ఏందక్కా, సీఐడీల చేరినవా?"

"నీ పని నువ్వు జెయ్యి."

"నా పని నేను జేస్తనే ఉంట గదా. ఒక్కొక్క ఫొటో పెండ్లిపిల్ల లెక్క తయారైనంకనే బయటికి తోలుత."

అతని మాటలు ఎప్పుడూ అంతే అనుకుని వచ్చేసింది.

రెండు రోజులకు ఆ పది ఫొటోలు గుర్తులతో తిరిగొచ్చాయి. సూర్యకళ దయాకర్ చెప్పిన పేర్లు చూసుకుని లెక్కల పట్టీ తెరిచింది. ఒక్కదాంట్లో తప్ప తెల్లబడిన పగడం లేదు. మిగతా అన్నిట్లోనూ రంగున్న పగడమే. ఇక ఫొటోలు మళ్లీ తెరవాల్సిన పని ఆమెకు కనపడలేదు. వాటిలో ఏముందో తనకు తెలుసు కదా. మాత్రల కంపెనీలో కూడా సూపర్‌వైజరు తాను కలిపిన మాత్రను మళ్లీ తీసి చూసేవాడు కాదు.

ఆ పట్టీ తీసుకుని శశిధర్ గదికి వెళ్లింది. త్రివేణిని అక్కడికే పిలిచారు.

"ఈ పది ఫొటోలు నేనే తెల్లగున్నయని చూసి పెట్టిన," అంది సూర్యకళ. "నువ్వు మంచిగున్నయని రాసినవ్."

త్రివేణి ముందు నవ్వింది, ఏదో తమాషా అనుకుంది. ఇద్దరి మొహాలు చూశాక ఆగింది. "నాకు తెల్లగ కనపడలే వదినా."

"కనపడలేదా, చూడలేదా?"

"చూడకుంట ఎట్ల పెడ్త? ఒక్కొక్కటి చూసే పెట్టిన."

"మరి సున్నమేసిన గోడ లెక్క ఉన్నది గోధుమ రంగెట్ల అయితది?"

త్రివేణి శశిధర్ వైపు చూసింది. శశిధర్ బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. సర్వే వాళ్లు పని వెనక్కి తీసుకుంటే హాలు ఖాళీ అవుతుంది. "కొన్ని రోజులు ఇంటికాడ ఉండమ్మా," అన్నాడు చివరికి. "నేను ఫోన్ జేస్త." అలాంటి ఫోన్లు రావని హాల్లో అందరికీ తెలుసు.

త్రివేణి తన కుర్చీ మీద వేసుకున్న దిండు తీసుకుంది, తనే కుట్టుకున్నది. వదిన బల్ల పక్కనుంచే వెళ్లింది గానీ తల తిప్పలేదు.

సాయంత్రానికి వార్త బాలరాజుకు చేరింది. ఆటో గేటు బయటే వదిలి ఇంట్లోకి వచ్చాడు.

"నువ్వే తీస్కపోయినవ్, నువ్వే ఎల్లగొట్టినవ్," అన్నాడు. "బాగున్నది."

"దొంగపని జేస్తే నీ చెల్లెనా, నా చెల్లెనా అని చూడాల్నా?"

"దొంగపని జేసిందని నీకు ఎవలు జెప్పిన్రు?"

"నేనే పట్టుకున్న."

"పట్టుకున్నవా, పట్టిచ్చినవా?" అన్నాడు బాలరాజు. "నా జేబులు, నా ఫోను, నా దోస్తులు అన్నీ దేవులాడితివి, నవ్వుకుంట ఊకున్న. గిప్పుడు గా పిల్ల మీద పడ్డవ్. మా అమ్మ అడుగుతే ఏం జెప్పాలె?"

తనది తప్పని సూర్యకళకు అనిపించలేదు. ఈయన చెల్లెలి వెనక ఉన్నాడు, ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనిపించింది.

మరుసటి వారం విశ్వనాథం సంతకం పెట్టడానికి వచ్చాడు. శశిధర్ జరిగిందంతా చెప్పి, దొంగను పట్టింది మా సూర్యకళమ్మే అని ఆమె వైపు చూపించాడు. విశ్వనాథం మెచ్చుకోలేదు, తప్పు పట్టలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఆ పది ఫొటోలు చూపించమ్మా."

సూర్యకళ తన కంప్యూటర్‌లో పాత డిస్కు తెరిచింది. తెల్లటి పగడం, తెల్లటి పైపు, నీలంగా నీళ్లు. "సూడున్రి సార్. గిది గోధుమ రంగని రాసింది."

"ఇవి మీ దగ్గరున్నవి కదా," అన్నాడాయన. "ఆ అమ్మాయి చూసినవి ఏవి?"

"అవే ఇవి సార్."

"అవే అనుకోండి. అయినా ఆవిడ కంప్యూటర్‌లో తెరవండి."

త్రివేణి కంప్యూటర్ వారం రోజులుగా ఎవరూ ముట్టలేదు. సూర్యకళ మొదటి ఫొటో తెరిచింది. అదే చట్రం. అదే రాడ్డు వంకర. అదే అట్లపెనం. కానీ పగడం గోధుమ రంగులో, ఎండలో పెట్టిన బిస్కెట్‌లా ఉంది. నీళ్లలో నీలం పోయింది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ పైపు పసుపు రాసిన గడపలా ఉంది. రెండోది తెరిచింది. మూడోది. అన్నీ అంతే.

ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన, త్రివేణి రాత్రిపూట వచ్చి వీటి రంగు మార్చిందని. ఆ ఆలోచనను ఆమే పూర్తి చేయలేకపోయింది. తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉంటాయి.

"వీటిని ఎవరు విప్పుతారు?" అన్నాడు విశ్వనాథం.

దయాకర్‌ను పిలిచారు. అతను దాచలేదు, భయపడలేదు. అసలు ఇది అడగాల్సిన సంగతని కూడా అతనికి తోచలేదు.

"అవ్, నేనే కలర్ ఏసిన. కలర్ ఏయకుంట ఎట్లిస్త సార్?" అన్నాడు. "అంత నీలంగ ఉంటే పెండ్లోళ్లు మొఖాన కొడ్తరు. నాకు ఒక బటన్ ఉన్నది, 'పెండ్లిపిల్ల' అని పేరు పెట్టుకున్న. తెల్లగ కొట్టుకపోయినకాడ తగ్గిస్తది, చర్మానికి జర ఎర్రదనం, పసుపు తెస్తది. మొత్తం డిస్కుకు ఒక్కపారే నొక్కుత."

"మార్చి నుంచి వచ్చిన ప్రతి ఫొటోకీ?"

"ప్రతి దానికి సార్. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే. శశిధర్ సారే నేర్పిండు, ఫొటో మన షాపు దాటిందంటే రంగుతోనే దాటాలని."

శశిధర్ గోడ వైపు చూశాడు. ఆ గోడ మీద ఇప్పటికీ ఒక పాత ఆల్బమ్ పేజీ అతికించి ఉంది. అందులో పెళ్లికూతురు బంగారు రంగులో వెలుగుతోంది. ఆ స్టూడియో పేరు నిలబెట్టింది ఆ రంగే.

"అక్క గూడ అన్నది గదా," అన్నాడు దయాకర్, సూర్యకళ వైపు చూసి. "ఏప్రిల్‌ల. గా లారీల పని మళ్ల వొచ్చినప్పుడు. మొన్నటికంటె ఇప్పుడు కండ్లకు సుకంగున్నయి దయాకర్ అని. నేను సంబరపడ్డ."

ఆమె అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఎందుకు సుఖంగా ఉన్నాయని మాత్రం అడగలేదు. అన్నిటినీ అనుమానించే మనిషి, కళ్లకు హాయిగా ఉన్నదాన్ని ఒక్కదాన్ని వదిలేసింది.

అసలు ఫొటోలు డిస్కులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే సూర్యకళ, మరో ఇద్దరు కూర్చుని మళ్లీ గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. మరునాటికి అంకె వచ్చింది. రంగున్న పగడం ఎనిమిది. తెల్లబడింది ఇరవై ఐదు. రెండూ కలిపితే పాత ముప్పై మూడే. దిబ్బ ఇంకా చావలేదు. కానీ దాంట్లో నాలుగింట మూడొంతులకు పైగా ఆకలితో ఉంది. విశ్వనాథం ఆ అంకె మీద సంతకం పెట్టి, పడవల సంగతి తేల్చేవాళ్లకు వెంటనే పంపాడు. ఆ సీజన్‌కు అక్కడ లంగరు వేయనివ్వలేదని తర్వాత తెలిసింది.

"త్రివేణమ్మకు ఫోన్ జేస్త," అన్నాడు శశిధర్.

"ఒద్దు సార్. నేను పోత," అంది సూర్యకళ.

మల్లాపూర్‌లో ఇంటి ముందు త్రివేణి అత్త కౌసల్యమ్మ పుదీన ఆకు తుంచుతోంది. సూర్యకళను చూసి లేవలేదు.

"రా బిడ్డా, రా. సోదా జెయ్యనీకె వొచ్చినవా? బియ్యం డబ్బ ఆడ ఉన్నది, గది గూడ మూత తీసి చూడు."

సూర్యకళ చెప్పులు విప్పి లోపలికి నడిచింది. త్రివేణి మిషన్ ముందు కూర్చుని జాకెట్ చేతులు అతుకుతోంది. మిషన్ ఆపలేదు. ఆ చప్పుడులోనే సూర్యకళ జరిగింది చెప్పింది. దయాకర్ బటన్, గోధుమ రంగు, తను వేసిన పది ఫొటోలు కూడా ఆ బటన్ కిందినుంచే వచ్చాయని.

మిషన్ ఆగింది.

"పైపు పసుపుపచ్చగున్నదని నేను దయాకరన్నకు అప్పుడే జెప్పిన," అంది త్రివేణి. "పాతబడ్డదేమో, సముద్రంల నాని ఉంటదని అన్నడు. నేను గూడ గంతే అనుకున్న."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు నన్ను అడిగినవా? నా ఎనక నడిచినవ్. నా ఫొటోలల్ల ఫొటోలు కలిపినవ్. త్రివేణి, గిది ఎట్లొచ్చిందే అని ఒక్క మాట అడుగుతే, వదినా గీ పైపు సూడు అని నేనే జెప్తుంటి."

సూర్యకళ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "తప్పయింది," అంది. ఆ మాట ఆమె నోట బాలరాజు కూడా ఎప్పుడూ విని ఉండడు. బయట కౌసల్యమ్మ ఆకు తుంచడం ఆపి వినసాగింది.

"నలుగుట్ల దొంగను జేసినవ్. గిప్పుడు ఇంట్ల తప్పయింది అంటే ఎట్ల?"

"నలుగుట్లనే అంట. హాల్ల అంట."

త్రివేణి దారం కొరికి, జాకెట్ మడతపెట్టింది. "వొస్త. కని ఒకటి. నా ఫొటోలు నువ్వు తనిఖీ జెయ్యొద్దు. నీ ఫొటోలు నేను జేస్త."

"నాకు ఫొటోలు యాడియి? నేను తనిఖీల ఉన్న."

"అదే జెప్తున్న. తనిఖీకి నేను కూసుంట. నువ్వు చుక్కలు పెట్టు."

సూర్యకళ ఒప్పుకుంది. తిరిగి వస్తూ షేర్ ఆటోలో, పిల్ల అంత తొందరగా అడిగిందంటే ఆ కుర్చీ మీద ఎప్పటినుంచి కన్నేసిందో అనుకుంది. అనుకుని, ఆ మాట ఎవరికీ చెప్పకుండా ఉండటం ఆమెకు అదే మొదటిసారి.

హాల్లో చెప్పాల్సింది చెప్పింది. రెండు వాక్యాలు, తల వంచకుండా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అనుమానం ఒకసారి ఊళ్లోకి వచ్చాక అంత తేలిగ్గా పోదు. చాలా రోజులదాకా త్రివేణి ఏదైనా అడిగితే, అందరూ చేతిలో పని ఆపి ముందు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. దయాకర్ ఉద్యోగం పోలేదు. బటన్ తీసేశారు. "బట్టలేయకుంట బజార్ల నిలబెట్టినట్టున్నది అక్కా," అని వచ్చిన ప్రతి ఫొటోకూ బాధపడుతూ అలాగే పంపుతున్నాడు. శశిధర్ గోడ మీది ఆల్బమ్ పేజీ తీయించలేదు. తీస్తే గోడ రంగు తేడా తెలుస్తుందన్నాడు.

2025 జనవరిలో మళ్లీ ఫొటోలు వచ్చాయి. సముద్రం చల్లబడింది గానీ, చాలా చోట్ల పగడాలకు అప్పటికే ఆలస్యమైంది. జింక కొమ్ముల గుంపు విరిగి గులకరాళ్లలా పడి ఉంది. అట్లపెనం మీద పాచి ఎక్కింది, ఒక పక్క అరచేయంత మేర మాత్రం మళ్లీ రంగు తేలింది. ఆ అరచేయి మీద చుక్క పడితే బాగుండని సూర్యకళ అనుకుంది. చుక్కలు వేసేది కంప్యూటరు. పడలేదు.

దీవి మొత్తం సూర్యకళే గుర్తులు పెట్టింది. బతికి ఉన్న పగడం వందకు పదకొండు వచ్చింది. త్రివేణి తనిఖీ కుర్చీలో కూర్చుని, పదింటికి ఒకటి కాదు, అన్నీ మళ్లీ చూసింది. ఎనిమిది చోట్ల పాచి అని రాసినదాన్ని కొట్టేసి, పాచి అంచున బతికిన పగడం అని దిద్దింది. సూర్యకళ ఆ ఎనిమిదింటినీ తెరిచి, ముందు పైపు రంగు చూసి, తర్వాత చుక్క చూసింది. అయిదింటికి ఒప్పుకుంది. మూడింటికి గొడవపడింది. విశ్వనాథం ఇద్దరివీ విని త్రివేణి అంకె మీద సంతకం పెట్టాడు.

పన్నెండు.